కత్తిరించే చెయ్యే కుడుతుంది



ఇవాళ్టి ముచ్చట సజ్జరొట్టెతో మొదలుపెడతాను. మొన్నామధ్య మా ఇంట్లో సజ్జరొట్టెలు చేదొచ్చాయి. మేముండేది చైతన్యపురిలో, అటు దిల్‌సుఖ్‌నగర్, ఇటు ఎల్బీనగర్. మంచి సజ్జలు చూసి తెచ్చి, మా సందు చివర గిర్నిలో పట్టించాను. మొదటిరోజు రొట్టె కమ్మగా ఉంది. పది పన్నెండు రోజులు పోయాక అదే డబ్బాలో పిండి, అదే పెనం, అదే చెయ్యి. రొట్టె మాత్రం చేదు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను గిర్ని దగ్గరికి నడిచాను. "ఏమన్నా, మాకంటే ముందు ఎవరియో పాతసజ్జలు పట్టినట్టున్నవు, మా దాంట్లో కలిసింది" అని నిలదీశాను. ఆయన నవ్వాడు. "సార్, సజ్జలు నెలకు సరిపోను పట్టియ్యొద్దు. వారానికి ఎంత కావాల్నో అంతే పట్టియ్యాలె" అన్నాడు.

ముప్పై ఏళ్లు పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ని నేను. ఆ జవాబు నాకు తెలిసుండాలి. ఆయనకు తెలిసింది.

సరే, ఆ చేదు ఎక్కడినుంచి వచ్చింది? బయటినుంచి రాలేదు. గింజలోనే ఉంది. సజ్జగింజలో నూనె ఉంటుంది, బియ్యంలో కన్నా, గోధుమలో కన్నా ఎక్కువే. అదే గింజలో ఒక ఎంజైము, అంటే రసాయన మార్పుల్ని వేగిరపరిచే పదార్థం, కూడా ఉంటుంది. దాని పేరు లైపేజ్. మళ్లీ చెబుతున్నాను, గుర్తుంచుకోండి: లైపేజ్. ఇవాళ్టి కథలో నాయకుడూ అదే, దొంగా అదే.

గింజ నిండుగా ఉన్నన్నాళ్లూ నూనె ఒక గదిలో, లైపేజ్ ఇంకో గదిలో ఉంటాయి. మధ్యన గోడ. గిర్నిలో రాళ్ల మధ్య పడగానే గోడలు కూలిపోతాయి. లైపేజ్ నూనె మీద పడుతుంది.

పడి ఏం చేస్తుంది? నూనె అణువును ఇట్లా ఊహించుకోండి. గోడకు ఒక చిన్న కొక్కెం. ఆ కొక్కేనికి మూడు పొడవాటి దారాలు వేలాడుతున్నాయి. కొక్కెం పేరు గ్లిజరాల్. దారాల పేరు కొవ్వు ఆమ్లాలు. లైపేజ్ ఒక్కొక్క దారాన్నీ కొక్కెం దగ్గర తెంపుతుంది. ఒక్కో తెంపుకీ దానికి ఒక్కో నీటి అణువు కావాలి. పిండి ఎండుగా కనిపించినా దానిలో కొంత తేమ ఉంటుంది కదా, ఆ తేమ చాలు. తెగిపడిన కొవ్వు ఆమ్లాలకు గాలి తగులుతుంది, అవి చెడతాయి, రొట్టె చేదెక్కుతుంది.

మొక్కకు ఈ లైపేజ్ ఎందుకు? గింజ మొలకెత్తేటప్పుడు పసిమొక్కకు ఆహారం కావాలి. ఆకులు ఇంకా రాలేదు, ఎండను వాడుకోలేదు. తల్లి దాచిపెట్టిన నూనెను విడగొట్టుకుని తినాలి. ఆముదం గింజలో ఈ పని జరుగుతోందని రేనాల్డ్స్ గ్రీన్ అనే ఆంగ్లేయుడు 1890లో చూపించాడు. ఆ తరువాత 1902లో జర్మనీలో కాన్‌స్టీన్ అనే రసాయనవేత్త, ఆయన తోటివాళ్లూ ఆముదం గింజల్ని నలగ్గొట్టి, ఆ ముద్దతోనే కొవ్వును విడగొట్టి, సబ్బుకూ కొవ్వొత్తికీ కావలసిన ఆమ్లాలు తీశారు. మన నల్లగొండ, పాలమూరు ఎర్ర చల్కల్లో పండే ఆముదం గింజ, ఒకనాడు యూరప్ ఫ్యాక్టరీలకు పనిముట్టు అయిందన్నమాట. ఇంట్లో మాత్రం ఆముదం గింజలతో ప్రయోగాలు చెయ్యకండి. దానిలో రిసిన్ అనే గట్టి విషం ఉంది.

ఇంతవరకూ చెప్పింది తెంపే కథ. ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మీకు తెలిసిన దర్జీని ఒకసారి తలుచుకోండి. ఆయన చేతిలో కత్తెర ఉంది. గుడ్డ కత్తిరిస్తాడు. అదే మనిషి కాసేపటికి మిషను ముందు కూర్చుని ఆ ముక్కల్నే కుడతాడు. కత్తిరించే చెయ్యే కుడుతుంది. లైపేజ్ కూడా అంతే. నూనెను తెంపే ఎంజైమే, పరిస్థితి మారితే, తెగినవాటిని అతికిస్తుంది.

ఏమిటా పరిస్థితి? నీళ్లు.

నీళ్లు ఎక్కువుంటే తెంపుతుంది. నీళ్లు బాగా తక్కువుంటే అతికిస్తుంది. ఇవాళ మీరు ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు, అది ఇదే. నీళ్లు ఎక్కువైతే తెంపుడు, తక్కువైతే అతుకుడు.

కొవ్వు ఆమ్లం ఒకవైపు, ఆల్కహాల్ ఒకవైపు నిలబడి చెయ్యీ చెయ్యీ పట్టుకుంటే, పుట్టే కొత్త పదార్థాన్ని ఎస్టర్ అంటారు. గ్లిజరాల్ కూడా ఒక రకం ఆల్కహాలే, కాబట్టి మన వంటనూనె కూడా ఎస్టరే. చలికాలం ముఖానికి రాసుకునే క్రీము జిడ్డు అంటుకోకుండా చర్మం మీద జారుతుంది చూశారా, దానికి ఐసోప్రొపైల్ మిరిస్టేట్ వంటి ఎస్టర్లు కారణం. పేరు పలకడం కష్టం, రాసుకోవడం తేలిక. నూనెలతో చేసే బయోడీజిల్ కూడా కొవ్వు ఆమ్లాల ఎస్టరే. మిఠాయి దుకాణాల్లో, ఐస్‌క్రీముల్లో వాడే పండ్ల వాసనలు చాలావరకు చిన్న చిన్న ఎస్టర్లే.

వాసన అంటే గుర్తొచ్చింది. పాడైపోయిన వెన్న కంపు తెలుసుగా? ఆ కంపు బ్యూటిరిక్ ఆమ్లానిది. తరగతిలో సీసా మూత తీస్తే పిల్లలు కిటికీల దగ్గరికి పరిగెత్తేవాళ్లు. దానికి ఇథైల్ ఆల్కహాల్‌ను, అంటే సారాలో ఉండే ఆల్కహాల్‌ను జతచేస్తే ఏమొస్తుందో తెలుసా? అనాసపండు వాసన! 1900లో అమెరికాలో కాసిల్, లోవెన్‌హార్ట్ అనే ఇద్దరు సరిగ్గా ఈ పనే చేశారు. జంతువు క్లోమగ్రంథిలోని లైపేజ్‌ను ఈ రెంటిమధ్య పెట్టారు. తెంపడమే దాని పని అని అందరూ అనుకుంటున్న ఎంజైము, అతికించింది. కంపులోంచి అనాస వాసన పుట్టింది. నన్నడిగితే జీవరసాయన శాస్త్రంలో ఇంత ముచ్చటైన ప్రయోగం ఇంకొకటి లేదు.

అయినా చాలాకాలం ఈ దారిని ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. ఎంజైము అంటే నీళ్లలో బతికేది, నీళ్లు లేకపోతే చచ్చిపోతుంది అని అందరి నమ్మకం. 1984లో అమెరికాలో జాక్స్, క్లిబనోవ్ అనే ఇద్దరు లైపేజ్‌ను దాదాపు నీళ్లు లేని ద్రవంలో వేసి, 100 డిగ్రీల దాకా వేడిచేశారు. ఆ వేడి నీళ్లలో అయితే కోడిగుడ్డు ఉడికినట్టు ఉడికిపోవాలి. ఇక్కడ ఉడకలేదు. గంటల తరబడి పనిచేసింది. నీళ్లు లేకపోతే చస్తుందనుకున్నది, నీళ్లు లేకపోవడంవల్లే వేడిని తట్టుకుంది.

ఇదంతా విని, అయితే నీళ్లు బొత్తిగా తీసేద్దాం అనిపిస్తుంది. ఆగండి. అక్కడే మెలిక ఉంది.

మేదరివాళ్లు బుట్ట అల్లడం చూశారా? వెదురుబద్ద బొత్తిగా ఎండిపోతే వంగదు, ఫట్‌మని విరుగుతుంది. అందుకని తడిపి వంచుతారు. ఎంజైము కూడా ఒక అల్లికే. పనిచేసేటప్పుడు అది కొంచెం వంగాలి, కొంచెం సాగాలి. దానిచుట్టూ నీటి అణువులు సన్నటి పొరలా అంటుకుని ఉంటేనే ఆ వంపు వస్తుంది. ఆ పొర కూడా లాగేస్తే ఎంజైము కొయ్యబారిపోతుంది. చావదు, కానీ కదలదు. కాబట్టి నీళ్లు తక్కువ ఉండాలి, బొత్తిగా లేకుండా పోకూడదు. ఎక్కువైతే తెంపుతుంది, లేకపోతే నిద్రపోతుంది. ఆ రెంటి నడుమ సన్నటి గట్టు మీద నడవాలి.

మన ఇళ్లలో ఈ సంగతి ఆడవాళ్లకు ఎప్పుడో తెలుసు. ఆవకాయ జాడీ దగ్గర "తడిచెయ్యి పెట్టకు" అనే కేక వినని తెలుగువాడు ఉంటాడా? జాడీలో ఊట ఉంది, మామిడిముక్కలో నీరుంది. అయినా ఆవకాయ చెడదు. ఎందుకంటే ఆ నీరు ఉప్పు చేతిలో బందీగా ఉంది. తడి గరిటెతో వచ్చే నీరు బందీ కాదు, అది స్వేచ్ఛగా తిరుగుతుంది, బూజు పట్టిస్తుంది. తేనె చూడండి. దానిలో నూటికి 17, 18 పాళ్లు నీరే. ఏళ్లు నిలవ ఉంటుంది. నీరు ఎంత ఉందన్నది కాదు, ఎంత స్వేచ్ఛగా ఉందన్నదే లెక్క. ప్రయోగశాలల్లో దీన్ని నీటి చురుకుదనం అంటారు.

ఆ చురుకుదనాన్ని ఎట్లా అదుపు చేస్తారంటారా? చాలా తేలికైన ఉపాయం. ఒక మూతపెట్టిన పాత్రలో అడుగున ఉప్పునీళ్లు పోస్తారు. ఉప్పు ఇంక కరగనంత వేస్తారు. దానిపైన ఎంజైమునీ, నూనెనీ విడిగా పెట్టి ఉంచుతారు. లోపలి గాలిలో తేమ తనంతట తానే ఒకచోట నిలబడుతుంది. మనం తినే ఉప్పు అయితే 75 శాతం దగ్గర. వానాకాలం డబ్బాలో ఉప్పు ఎందుకు ముద్దవుతుంది? బయట తేమ ఆ 75 దాటింది కాబట్టి. ఇంకా ఎండుగా కావాలంటే మెగ్నీషియం క్లోరైడ్ అనే ఇంకో లవణం వాడతారు, తేమ 33 శాతం దగ్గర ఆగుతుంది. లవణం మారిస్తే తేమ మారుతుంది. ఖరీదైన యంత్రం ఏమీ లేదు.

ఇంకో చిత్రం చెప్పాలి. ఎంజైమును ఎండబెట్టేముందు అది ఏ నీళ్లలో ఉందో, ఆ నీళ్లు ఆమ్లమా క్షారమా అన్నది, ఎండిన తరువాత కూడా గుర్తుపెట్టుకుంటుంది. తనకు నచ్చిన నీళ్లలోంచి ఎండితే బాగా పనిచేస్తుంది, నచ్చని నీళ్లలోంచి ఎండితే మొరాయిస్తుంది. మన దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి పోటీపరీక్షలకు చదువుకునే పిల్లల్ని చూడండి. ఖమ్మం పిల్లవాడికి ఇక్కడ ఎన్నేళ్లున్నా ఖమ్మం యాస పోదు. అదే సంగతి.

ఇక అసలు తలనొప్పి ఒకటుంది. ఆమ్లమూ ఆల్కహాలూ చెయ్యి కలిపినప్పుడల్లా ఒక నీటి అణువు బయటపడుతుంది. తెంపేటప్పుడు ఒకటి ఖర్చవుతుంది, అతికేటప్పుడు ఒకటి పుడుతుంది. అంటే మనం ఎంత ఎండుగా మొదలుపెట్టినా, పని జరిగినకొద్దీ నీళ్లు ఊరుతూనే ఉంటాయి. ఊరిన నీళ్లు ఎంజైమును మళ్లీ తెంపుడువైపు తిప్పుతాయి. 2020 అక్టోబరు వానలప్పుడు సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీల్లో ఉన్నవాళ్లకు ఈ బాధ నేను చెప్పనక్కరలేదు. సెల్లార్లలోకి నీళ్లు వస్తూనే ఉన్నాయి, మోటారు పెట్టి తోడుతూనే ఉన్నాం. మోటారు ఆపితే మళ్లీ నిండేది. ఇక్కడా అంతే. ఎస్టర్ చేసేవాళ్లు గాలిని పీల్చేసే పంపు పెడతారు, లేదా నీటిని మాత్రమే పట్టుకునే చిన్న చిన్న గుళికలు వేస్తారు. పుట్టిన నీటిని పుట్టినట్టే తోడెయ్యాలి.

ఇప్పుడు మన కొత్తపేటకు వద్దాం.

గడ్డిఅన్నారం పండ్లమార్కెట్ ఇప్పుడు అక్కడ లేదు. 2021-22లో బాటసింగారానికి తరలిపోయింది, ఆ జాగాలో ఆసుపత్రి కట్టడం మొదలైంది. కానీ మా వయసువాళ్లకు కొత్తపేట అంటే ఇంకా బత్తాయి వాసనే, మామిడికాయల లారీలే, గడ్డిలో పొదిగిన బొప్పాయిలే. ఆ బొప్పాయిలోనే మన కథకు పెద్దమలుపు ఉంది.

హైదరాబాదులో కచ్చే గోష్ట్ బిర్యానీ చేసేవాళ్లు మాంసానికి పచ్చిబొప్పాయి ముద్ద పట్టిస్తారు. మాంసం మెత్తబడుతుంది. అది పపైన్ అనే ఎంజైము చేసే పని. మాంసకృత్తుల్ని తెంపుతుంది. పచ్చికాయ మీద గాటు పెడితే తెల్లటి పాలు కారతాయి, పపైన్ దానిలో ఉంటుంది. కాయ పండితే ఆ పాలు పోతాయి. ఆ పాలు చేతికి తగిలితే మండుతుంది, కోసేవాళ్లకు తెలుసు.

అయితే ఆ పాలలో పపైన్ ఒక్కటే లేదు. లైపేజ్ కూడా ఉంది. ఎండబెట్టిన బొప్పాయిపాలను నీళ్లతో కడిగితే పపైన్ నీళ్లలో కరిగి పోతుంది. లైపేజ్ మాత్రం కరగని తెల్లటి ముద్దకు అతుక్కుని ఉండిపోతుంది. దాన్ని విడదీయడానికి ఎంతోమంది ప్రయత్నించారు. అంత తేలిగ్గా రాలేదు.

విడదీయలేకపోవడం వరం అయింది. ఎట్లాగంటే, ఎంజైములు ఖరీదైనవి. ఒకసారి వాడి పారబోస్తే గిట్టదు. అందుకని ఫ్యాక్టరీలవాళ్లు ఎంజైమును ప్లాస్టిక్ వంటి పూసలకు అతికించి వాడతారు. పని అయ్యాక వడగట్టి, మళ్లీ వాడుకుంటారు. ఆ అతికించే పనికే బోలెడు డబ్బు. బొప్పాయిలో ప్రకృతే అతికించి ఇచ్చింది. ముద్దను నూనెలో వెయ్యడం, కలపడం, వడగట్టడం. అంతే.

ఆ ముద్దతో ఏం చెయ్యొచ్చు? ఒక్క ఉదాహరణ చెబుతాను. ఇందాక కొక్కేనికి మూడు దారాలన్నాను కదా. తల్లిపాల కొవ్వులో ఒక ప్రత్యేకత ఉంది. పామిటిక్ అనే ఆమ్లం ఎక్కువగా నడిమి దారంగా ఉంటుంది. పసిబిడ్డ పొట్టకు అట్లా ఉంటేనే అరుగుదల సులువు. మామూలు నూనెల్లో అది పక్కదారాల్లో ఉంటుంది. జర్మనీలో మ్యూన్‌స్టర్ నగరంలో కుమార్ ముఖర్జీ అనే మన భారతీయుడు మొక్కల లైపేజ్‌ల మీద ఏళ్లతరబడి పనిచేశారు. నడుమ పామిటిక్ ఉన్న కొవ్వును తీసుకుని, బొప్పాయిపాల ముద్దతో పక్కదారాల్ని మాత్రం మార్చి, తల్లిపాల కొవ్వును పోలిన కొవ్వును 1990 దశకంలో ఆయన బృందం తయారుచేసింది. బొప్పాయి లైపేజ్ నడిమి దారం జోలికి పెద్దగా పోదు, పక్కవాటినే మారుస్తుంది. ఆ గుణాన్ని వాళ్లు వాడుకున్నారు.

ఈ పని మన ఊరికి దూరమా? కాదు. ఎల్బీనగర్ నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా వెళ్తే హబ్సిగూడ దాటగానే తార్నాక. అక్కడే భారత రసాయన సాంకేతిక సంస్థ, అందరూ ఐఐసీటీ అంటారు. పాతవాళ్లు ఇప్పటికీ ఆర్‌ఆర్‌ఎల్ అనే అంటారు. 1944లో నిజాం కాలంలో మొదలైంది. నూనెల పరిశోధన దానికి మొదటినుంచీ ప్రాణం. భారతీయ ఆహార చరిత్ర మీద పెద్ద పుస్తకాలు రాసిన కె.టి. ఆచయ అక్కడ నూనెల శాస్త్రవేత్తగా ఏళ్లపాటు పనిచేసినవారే. తవుడునూనెలో ఉండే జిగురును ఎంజైముతో తీసే పద్ధతిని ఆ సంస్థే రూపొందించింది, దేశంలో నూనెమిల్లులు దాన్ని వాడుకున్నాయి.

తవుడన్నాను కాబట్టి ఒక మాట. మిర్యాలగూడ వైపు రైసుమిల్లుల్లో తవుడు గుట్టలుగా పడుతుంది. తవుడులో నూనె ఉంది, లైపేజూ ఉంది. మిల్లులో బియ్యం పాలిష్ పట్టగానే, నా సజ్జపిండిలో జరిగిందే అక్కడా జరుగుతుంది, ఇంకా వేగంగా. ఒకట్రెండు రోజులు ఆలస్యమైతే నూనె వంటకు పనికిరానంత పుల్లబడుతుంది. అందుకే తవుడును వెంటనే వేడిచేసి లైపేజ్‌ను చంపుతారు. మలేషియాలో కొందరు పరిశోధకులు దీన్ని తిరగేసి ఆలోచించారు. నూనె తీసేసిన తవుడునే గొట్టంలో నింపి, నీళ్లు తక్కువగా ఉంచి, దానిగుండా కొవ్వు ఆమ్లాల్నీ గ్లిజరాల్‌నూ పంపారు. ఇక్కడ మనం చంపే దొంగనే అక్కడ కుట్టుపనికి పెట్టుకున్నారు.

ఇంత చెప్పాను కదా, మరి ఫ్యాక్టరీలన్నీ బొప్పాయిపాలతో నడుస్తున్నాయా అంటే, లేదు. నిజం చెప్పాలి. ఎక్కువ ఎస్టర్లు ఇప్పటికీ ఘాటైన ఆమ్లం వేసి, పెద్దవేడి మీద వండుతున్నారు. రంగు నల్లబడుతుంది, తరువాత కడగాలి, ఆ కడిగిన నీళ్లను ఎక్కడికో వదలాలి. చేపల్నీ వాగునీ నమ్ముకుని బతికే ఊళ్లకు ఆ బాధ తెలుసు. ఎంజైముతో అయితే యాభై అరవై డిగ్రీల వేడి చాలు, సరుకు తెల్లగా వస్తుంది. ఆ దారి పట్టిన కంపెనీలు కూడా ఎక్కువగా సూక్ష్మజీవుల లైపేజ్‌నే వాడుతున్నాయి. సూక్ష్మజీవుల్ని ట్యాంకుల్లో ఏడాది పొడవునా పెంచుకోవచ్చు. మొక్కకు రుతువుంది. ఈ తోట పాలకూ ఆ తోట పాలకూ బలం ఒకటే ఉండదు. కొన్ని గింజల్లో లైపేజ్ మొలకెత్తినప్పుడే మేలుకుంటుంది.

అయినా నా అభిప్రాయం ఒకటుంది. పెద్ద ఫ్యాక్టరీకి మొక్క సరిపోకపోవచ్చు. చిన్న యూనిట్‌కు, ఊళ్లో కాలేజీ ల్యాబుకు, ఖరీదైన విదేశీ పూసలు కొనలేని పరిశోధక విద్యార్థికి బొప్పాయిపాలు, తవుడు చేతికందే పనిముట్లు. మనకు బొప్పాయి తోటలున్నాయి, మిల్లుల నిండా తవుడుంది. ఎల్బీనగర్ చుట్టూ ఇన్ని ఇంజినీరింగ్, ఫార్మసీ కాలేజీలున్నాయి. బీఫార్మసీ పిల్లల ప్రాజెక్టుకు ఇంతకన్నా చవకైన అంశం నాకు కనిపించదు.

ఇక మీ ఇంట్లో చెయ్యగలిగింది ఒకటి చెప్పి సెలవు తీసుకుంటాను. ఎస్టర్ చెయ్యమని అననులెండి. ఒక కిలో సజ్జలు తెండి. సగం పచ్చివే ఉంచండి. సగం మూకుట్లో సన్నని సెగ మీద, చిటపటమని కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. రెండూ విడివిడిగా గిర్నిలో పట్టించి, రెండు డబ్బాల్లో పోసి, పైన పేర్లు రాసిపెట్టండి. పది పన్నెండు రోజులు ముట్టుకోకండి. తరువాత రెంటినీ వాసన చూడండి, చిటికెడు నాలుక మీద వేసుకోండి. ఏ డబ్బా చేదెక్కిందో మీ నాలుకే చెబుతుంది. మా ఇంట్లో ఇప్పుడు వేయించే పట్టిస్తున్నాం. గిర్ని ఆయనకు క్షమాపణ కూడా చెప్పాను.